రెండు వందల యాభై అయిదు దాటినవాళ్లు

హన్మకొండలో నేను పాఠాలు చెప్పే ఇంజనీరింగ్ కాలేజీలో హాజరు లెక్క కూడా నేనే నెత్తిన వేసుకున్నాను. ఎవరూ చెయ్యమనలేదు. రిజిస్టర్లు ముందేసుకొని వేళ్ల మీద కూడుకునే తోటి లెక్చరర్లను చూస్తే నాకు జాలి, ఆ జాలి నిండా పొగరు. నేనైతే కంప్యూటర్‌లో ప్రోగ్రాం రాశాను: థియరీ హాజరు ఒక అర్రే, అంటే అంకెల పట్టీ, ల్యాబ్ హాజరు ఇంకో అర్రే. రెంటినీ వరసకు వరస కూడితే ఒక్క లైనులో అందరి మొత్తాలూ వచ్చేస్తాయి. పైగా మెమరీ పొదుపు చేస్తున్నానని అంకెలకు ఎనిమిది బిట్ల టైపు పెట్టాను. అరవై మంది పిల్లల లెక్కకు మెమరీ పొదుపట! ఏం చదువులో నావి.

రెండు వందల పది పీరియడ్లకు తగ్గితే హాల్ టికెట్ లేదు. అలా తగ్గినవాళ్ల జాబితా తీస్తే అందరూ మొదటి బెంచీల వాళ్లే. క్యాంటీన్‌లో కాపురం పెట్టినవాళ్లు అత్తెసరు హాజరుతో గట్టెక్కారు. నాకు అనుమానం రావాలి కదా? రాలేదు. హెడ్ గారు చదవకుండానే సంతకం పెట్టారు, ఆయనకు అది అలవాటే.

కాజీపేట నుంచి వచ్చే ఒక అమ్మాయికి కంప్యూటర్ పద్నాలుగు పీరియడ్లే చూపించింది. రైల్వే డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన వాళ్ల నాన్నను కూర్చోమని కూడా అనలేదు నేను. కంప్యూటర్ అబద్ధం చెప్పదండీ, రోజూ ఇంట్లోంచి బయల్దేరి మీ అమ్మాయి ఎక్కడికి పోతోందో కనుక్కోండి అన్నాను. ఆయన పక్కనే నిలబడ్డ కూతురి వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆమె నా క్లాసు నోట్సు తెచ్చి బల్ల మీద తెరిచి పెట్టింది.

"రెండు ఎనిమిది బిట్ల అర్రేలు కలిపితే జవాబు గూడ ఎనిమిది బిట్లే ఉంటది, రెండొందల యాభై అయిదు దాటితే మళ్ల సున్నా నుంచి మొదలైతది అని మీరే చెప్పిండ్రు సార్. నాయి థియరీ నూటతొంభై, ల్యాబ్ ఎనభై."

రెండు వందల డెబ్భై. అందులో రెండు వందల యాభై ఆరు ఎగిరిపోతే మిగిలేది పద్నాలుగు. ఒక్క రోజూ మానని పిల్లలనే ఏరి ఏరి ఆపానన్నమాట. తల కొట్టేసినట్టయింది. టైపు మార్చడానికి అరనిమిషం పట్టలేదు. హాల్ టికెట్ చేతికివ్వబోతూ, ఇంక ఫికర్ చెయ్యకమ్మా అన్నాను, పెద్ద ఉపకారం చేసినవాడిలా.

ఆమె అందుకోలేదు.

"అది తర్వాత సార్. ముందుగాల మా బాపుకు ఫోన్ చేసి, నీ బిడ్డ రోజు కాలేజికే వచ్చింది అని చెప్పుండ్రి."