మత్తు దిగాక రాని ఊపిరి

కరోనా రెండో విడత సద్దుమణిగిన మరుసటి ఏడు, పత్తికి మందు కొట్టే రోజులు. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను మత్తు డాక్టర్ని. ఆ కాలంలో మా ఐసీయూలో పురుగుమందు కేసు లేని రోజు ఉండదు. పిచికారీ చేస్తూ పీల్చినవాళ్లు కొందరు, తాగినవాళ్లు కొందరు. అందుకే ఆ రోజు జరిగినదానికి ఎవరినీ పూర్తిగా తప్పుపట్టలేను.

జరీనాకు పాతికేళ్లు ఉంటాయి. భర్త మస్తాన్ వలికి పొదిలిలో ఎరువులు, పురుగుమందుల కొట్టు. పొద్దున్నే కడుపునొప్పి, వాంతులతో తీసుకొచ్చారు. స్కానింగులో అపెండిక్స్ వాచి ఉంది. వెంట అత్త మీరాబీ కూడా వచ్చింది. ఆవిడ జరీనాకు పరాయి అత్త కాదు, సొంత మేనత్త. జరీనా తండ్రికి తోడబుట్టిన అక్క.

ఆపరేషన్ సాఫీగానే అయిపోయింది. ఇబ్బంది మా వైపు నుంచి మొదలైంది. మత్తిచ్చాక గొంతులోకి గొట్టం వేయడానికి కండరాలు వదులు కావాలి. దానికి సక్సినైల్ కోలిన్ అనే సూది ఇస్తాం. రక్తంలో ఉండే కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఆ మందును కొద్ది నిమిషాల్లో విరిచేస్తుంది. రోగి మళ్లీ తనంతట తానే ఊపిరి తీసుకుంటాడు. జరీనా తీసుకోలేదు. నరం మీద చిన్న కరెంటు పెట్టి చూశాను. వేలు కూడా కదల్లేదు. కుట్లు పడ్డాయి, సర్జన్ చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. నేను మాత్రం ఆమె ఛాతీ వైపే చూస్తూ నిలబడ్డాను.

వెంటిలేటర్ మీదే ఐసీయూకి మార్చి, రక్తంలో ఆ ఎంజైమ్ ఎంతుందో పరీక్షకు పంపాను. రిపోర్టు దాదాపు సున్నా అని వచ్చింది. పురుగుమందు తాగినవాళ్లలో కూడా ఇదే ఎంజైమ్ పడిపోతుంది. ఐసీయూ డ్యూటీ డాక్టర్ ఆ అంకె చూడగానే బయటికి వెళ్లి మస్తాన్ వలిని అడిగేశాడు.

"మీ ఇంట్లో పురుగుమందులు ఉంటాయా?"

"మాది మందుల కొట్టే కదండీ. పైన ఇల్లు, కింద కొట్టు."

"ఆవిడేమన్నా తాగిందేమో చూసుకున్నారా?"

 పక్కనే ఉండి విన్న మీరాబీ ఎవరైనా ఆపేలోపే లోపలికి వచ్చేసింది. మంచం పక్కన నిలబడి కోడలి చెయ్యి పట్టుకుంది.

"ఏం తాగావే తల్లీ. నిన్న నేనొక మాటన్నాను. దానికేనా ఇంత పని చేశావు?"

అప్పుడే మానిటర్ మీద నాడి ఒక్కసారిగా పరుగందుకుంది. జరీనా మూసిన రెప్పల కింద నుంచి నీరు కారి చెవి మీదికి జారింది.  మత్తు దిగిపోయింది. కండరాలే చచ్చుపడి ఉన్నాయి. ఆమెకు తెలివుంది, అన్నీ వింటోంది, కనురెప్ప కూడా కదపలేకపోతోంది. వెంటనే మళ్లీ మత్తు మందు ఎక్కించి, చెవి దగ్గర వంగి చెప్పాను. "జరీనా, నేను మత్తు డాక్టర్ని. మీకేం కాలేదు. సూది మందు ప్రభావం దిగడం ఆలస్యమవుతోంది, అంతే. ఊపిరి మిషన్ తీసుకుంటోంది. నేనిక్కడే ఉంటాను."

తాగిన కేసనడానికి నాకు లక్షణాలేవీ కనిపించలేదు. కంటిపాపలు మామూలుగా ఉన్నాయి, నోట్లో చొంగ లేదు, వాసన లేదు. కానీ అనుమానం వచ్చాక పోలీసులకు కబురు పంపాలన్నది నిబంధన. కానిస్టేబుల్ వచ్చి కూర్చున్నాడు. మస్తాన్ వలి వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. పొదిలి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మందుల కొట్టాయన పెళ్లాం మందు తాగిందట అన్న మాట అప్పటికే ఊరు దాటింది.

సాయంత్రానికి వేలు కదిలింది. తర్వాత ఛాతీ లేచింది. బాగా బలం వచ్చిందని రూఢి చేసుకుని గొట్టం తీశాను. గొంతు బొంగురుగా ఉంది. దాహం అంటుందనుకున్నాను.

"నేనేం తాగలేదు మేడం."

ఎవరూ ఏమీ అడగకముందే అన్న మాట అది.

ఆమె చెప్పింది నేను నమ్మాను. కానిస్టేబులూ రాసుకున్నాడు. ఊరు నమ్మలేదు. కొద్ది వారాల తర్వాత మళ్లీ రక్తపరీక్షకు వచ్చినప్పుడు మస్తాన్ వలి చెప్పాడు. "కొట్టుకొచ్చినోళ్లు కూడా అడుగుతున్నారండీ, ఎట్టా ఉంది, కడుపు బాగా కడిగారా అని." మీరాబీ కోడలితో మాట్లాడటం మానేసిందట. కోపంతో కాదు, మళ్లీ ఏమంటే ఏం చేస్తుందోనన్న భయంతో. అది ఇంకా కష్టంగా ఉందంది జరీనా.

పురుగుమందు వల్ల పడిపోయిన ఎంజైమ్ అయితే అప్పటికి కోలుకోవాలి. ఈమెది అలాగే ఉంది. అప్పుడు జన్యుపరీక్షకు హైదరాబాదు పంపాం. ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువులో మార్పు ఉందేమో చూసే పరీక్ష. రిపోర్టు వచ్చేదాకా నాకూ నిద్ర సరిగా పట్టలేదు. పరీక్షలో ఏమీ తేలకపోతే ఆ అమ్మాయి మాటకు సాక్ష్యం ఏముంది?

తేలింది. రెండు ప్రతుల్లోనూ మార్పు ఉంది. వీడియో కాల్‌లో హైదరాబాదు జెనెటిక్ కౌన్సెలర్, అంటే వంశపారంపర్య విషయాలు విడమరిచి చెప్పే ఆవిడ, ముగ్గురికీ వివరించింది. ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులు, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. జరీనా అమ్మానాన్నలది మేనరికం, ఇద్దరి దగ్గరా అదే మార్పు ఉండి ఉంటుంది.

మస్తాన్ వలి ఊపిరి పీల్చుకున్నాడు. మీరాబీ మాత్రం ముఖం ముడుచుకుంది.

"అంటే పిల్ల రక్తంలోనే దోషముందనా? పెళ్లికి ముందు ఎవరూ చెప్పలేదే."

ఒక నింద పోయిందనుకుంటే ఇంకోటి వచ్చి కూర్చుంది. కౌన్సెలర్ గొంతు పెంచలేదు.

"దోషం కాదమ్మా. ఆ సూది పడకపోతే నూరేళ్లు బతికినా తెలిసేది కాదు. ఆ ఒక్క రకం సూదులు మానేస్తే చాలు. ఇంకో మాట. జరీనా వాళ్ల నాన్న మీ తమ్ముడే కదా?"

 మీరాబీ కొంగుతో ముఖం తుడుచుకుంది. "అయితే ఇది మా పుట్టింటిది కూడానా?" అని, కాస్త ఆగి, "నా మాట వల్ల కాదన్నమాట" అంది.

జరీనా అప్పుడు అత్త వైపు తిరిగింది. "ఆ రోజు నువ్వన్నదంతా విన్నాను అత్తా. కాదని చెబుదామంటే నోరు పెగల్లేదు." ఇద్దరూ ఏడ్చారు. మస్తాన్ వలి లేచి కిటికీ దగ్గరకు పోయాడు.

వాళ్ల నాలుగేళ్ల కూతురికి టాన్సిల్ ఆపరేషన్ చేయాల్సి ఉంది. పిల్లకూ, తనకూ పరీక్ష చేయమని మీరాబీయే పట్టుబట్టింది. మీరాబీకి ఒక ప్రతిలో మార్పు ఉంది. పిల్లకు తల్లిలాగే రెండింటిలోనూ ఉంది, ఒకటి జరీనా నుంచి, ఇంకోటి మీరాబీ నుంచి మస్తాన్ వలి ద్వారా. ముందే తెలుసు కాబట్టి వేరే మందుతో మత్తిచ్చాను. ఆపరేషన్ బల్ల మీదే కళ్లు తెరిచి వాళ్లమ్మ కోసం గోల చేసింది. అంత ఇంపైన గోల నేను వినలేదు.

"రేపు పిల్లకు సంబంధాలొచ్చినప్పుడు ఇది చెప్పాలా మేడం?" అని మస్తాన్ వలి అడిగాడు.  జవాబు జరీనా చెప్పింది. "చెబుదాం. చెప్పకపోతే వాళ్లే ఏదో ఒకటి చెప్పుకుంటారు."

ఇలాంటివాళ్లకు ఎప్పుడూ వెంట ఉంచుకోమని చిన్న కార్డు ఇస్తాం. ఏ మందు ఇవ్వకూడదో ఇంగ్లీషులో ఉంటుంది. జరీనా దాన్ని తిప్పి చూసి, వెనక తెలుగులో కూడా ఒక మాట రాసిమ్మంది.

"ఏం రాయమంటారు?"

"ఊపిరి రాకపోతే ఈ మనిషి ఏదో తాగిందనుకోవద్దని."

వైద్యంలో అలాంటి వాక్యం ఎక్కడా రాయరు. రాసి, కింద సంతకం పెట్టి, స్టాంపు వేసిచ్చాను.

ఆ తర్వాత ఆపరేషన్‌కు ముందు రోగినే కాదు, వెంట వచ్చినవాళ్లనూ అడుగుతున్నాను, మీ ఇంట్లో ఎవరైనా మత్తు నుంచి ఆలస్యంగా లేచారా అని. రక్తంలో ఉన్నదేమిటో పరీక్ష చెబుతుంది. అది తెలిసేలోపు మనుషులు ఒక కథ అల్లేసుకుంటారు, ఆ కథను మోయాల్సింది మాత్రం మంచం మీద కదల్లేక పడున్న మనిషి. అందుకే ఎంత అలసిపోయినా, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ల దగ్గర నేను వాళ్లు వినకూడని మాట అనను, ఎవరినీ అననివ్వను.