మశూచి గదిలో చిన్నమ్మతో

మొన్న ఫ్లూ సూది వేయడానికి ఇంటికొచ్చిన నర్సమ్మాయి నా చొక్కా చేయి పైకి మడిచి, భుజం కింద బిళ్లంత మచ్చను చూసి, ఎప్పుడైనా కాలిందా తాతగారూ అని అడిగింది. మశూచి టీకా మచ్చమ్మా అంటే, ఆ రోగం పేరు పుస్తకంలో చదివానంది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఒక రోగం నర్సుకు కూడా పుస్తకంలో తప్ప కనబడకుండా పోవడం కన్నా మనిషి బుద్ధికి పెద్ద గెలుపు ఇంకేముంటుంది? నా ఈడువాళ్లు ఒకసారి భుజం తడుముకోండి, ఆ మచ్చ మీకూ ఉండే ఉంటుంది. చిన్నప్పుడు వేసిన ఆ టీకాను నాకు రెండోసారి వేయించింది మా చిన్నమ్మ. నాస్తికుడిగా పేరు పడ్డవాణ్ని కాబట్టి, ఆమె గురించి రాస్తే మిత్రులేమంటారోనని ఇన్నాళ్లూ రాయలేదు. ఆ మొహమాటం ఇక చాలు.

అరవైల చివరి సంవత్సరాలు. నేను యూనివర్సిటీ హాస్టల్లో ఉండి ఎం.ఏ. చదివేవాణ్ని. కులం, జాతకం, దేవుడు, దయ్యం, దేన్నీ వదలకుండా మాట్లాడే చర్చావేదిక ఒకటి మాకుండేది. చదివిన చదువులో సగం అక్కడే చదివామని ఇప్పటికీ అనుకుంటాను. చిన్నమ్మ మా అమ్మకు సొంత చెల్లెలు. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోతే నర్సు పని నేర్చుకుని, తర్వాత క్రైస్తవం తీసుకుని, తార్నాకలో రేకుల ఇంట్లో ఒక్కతే ఉండేది. మతం మారిందని మా ఊళ్లో బంధువులంతా రాకపోకలు మానేశారు. ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చేసరికి నేను మాత్రం గుమ్మంలో కూర్చుని ఉండేవాణ్ని. ఆదర్శం కొంతా, హాస్టల్ పప్పు మీద విసుగు కొంతా. తింటున్నంతసేపూ వాదించేవాణ్ని. అంత దయగల దేవుడైతే రోగాన్ని పుట్టించడమెందుకు, మళ్లీ నీలాంటివాళ్ల చేత మందు రాయించడమెందుకు అని అడిగితే, ఇంకో గరిటె కూర వేసి, "దేవుని సంగతి దేవుడు చూసుకుంటడు, నువ్వు తిను బిడ్డా, సల్లారిపోతది" అనేది.

ఆ ఎండాకాలం మొదట్లో మశూచి అక్కడక్కడా కనబడింది. మా వేదిక మీద నేను గంటసేపు మాట్లాడాను. ఇది అమ్మవారి కోపం కాదు, కంటికి కనబడని క్రిమి. వేపమండలు కాదు, టీకా కావాలి. సరిగ్గా టీకా పడ్డవాడు ఈ రోగానికి భయపడనక్కర్లేదు అన్నాను. చప్పట్లు చాలాసేపు మోగాయి, అవి నా చెవుల్లో ఇంకా ఎక్కువసేపు మోగాయి.

పది రోజులు గడిచాయో లేదో, మా హాస్టల్ బట్టలుతికే మామ రావడం మానేశాడు. అందరం ఆయన్ని మామ అనే పిలిచేవాళ్లం, ఆయనా మమ్మల్ని అల్లుళ్లలాగే దబాయించేవాడు. మామకు తల్లి పోసిందని, అంటే మశూచి వచ్చిందని తెలియగానే, ఆయన ఉతికిచ్చిన దుప్పట్లను కొందరు కర్రలతో ఎత్తి బయట పారేశారు. నేను పారేయలేదు, అలాగని వెళ్లి చూడనూలేదు. పరీక్షలు దగ్గరపడ్డాయని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ ఆదివారం వెళ్లేసరికి చిన్నమ్మ ఇంటికి తాళం. రెండు గల్లీల అవతల మామ గదిలో ఉందని పక్కింటివాళ్లు చెప్పారు. వెళ్లి, గదికి ఇరవై అడుగుల దూరంలో ఆగిపోయాను. ద్వారానికి వేపమండలు కట్టి ఉన్నాయి. నిండు చూలాలైన మామ భార్యను చిన్నమ్మే టీకా వేయించి వేరే ఇంటికి పంపిందట. కదిలిస్తే దారిలోనే ప్రాణం పోయేంత ముదిరిపోయింది కాబట్టి ఆసుపత్రి మాట లేదు. సాయంత్రానికి గది ఖాళీ కాకపోతే రిక్షాలో వేసి ఊరి బయట దించేస్తామని ఇల్లుగలాయన చెప్పి వెళ్లాడు. ఆ రాత్రి మామ ఏ కప్పు కింద ఉంటాడన్నదే ప్రశ్న. మూడు రోజులుగా కంటి మీద కునుకు లేని చిన్నమ్మ బయటికొచ్చి నన్ను చూసింది.

"గాడనే నిలబడ్డవేంది? లోపలికి రా, ఒక్కదాన్ని పక్కకు తిప్పలేకపోతున్న."

పరీక్షలున్నాయి చిన్నమ్మా అన్నాను. ఆమె నవ్వింది.

"మొన్న నీ మీటింగుకు నేను గూడ వచ్చిన బిడ్డా, వెనక నిలబడి అంతా విన్న. టీకా పడ్డోనికి భయం లేదంటివి. రెండేండ్ల కింద నీకు టీకా ఏపిచ్చింది నేనే. నీ మాట నువ్వే నమ్మకపోతే గల్లీవోళ్లు ఎట్ల నమ్ముతరు?"

నా జీవితంలో ఎందరో పండితులతో తలపడ్డాను, ఇంత పూర్తిగా ఎన్నడూ ఓడిపోలేదు. ఎదుటివాళ్ల తర్కమైతే ఖండించేవాణ్ని. అది నా తర్కమే. చెప్పులు విడిచి గడప దాటాను.

సాయంత్రం ఇల్లుగలాయన ఇద్దరు మనుషులతో రిక్షా తెచ్చాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"నువ్వెవడివి, నడుమ?" అన్నాడాయన.

"మామ ఉతికిన అంగీ తొడుక్కున్నోన్ని. ఎత్తుకపోవాలంటే ఎవరో ఒకరు ముట్టుకోవాలె కద. రాండ్రి, ఎవరొస్తరో."

రిక్షా మనిషి ముందు ఆయన వైపు, తర్వాత తన చేతుల వైపు చూసుకున్నాడు. "నాతోని కాదు సేటూ" అని రిక్షా తిప్పుకున్నాడు. మిగిలిన ఇద్దరూ వెనక్కి తగ్గారు. రోగి పదిహేను రోజుల్లో లేస్తే సరి, లేకపోతే మీ సంగతి చూస్తానని ఇల్లుగలాయన దూరం నుంచే చెప్పి వెళ్లిపోయాడు.

తర్వాతి పదకొండు రోజులు నేను హాస్టల్ ముఖం చూడలేదు. వెళ్లొద్దని, రోగాన్ని అక్కడికి మోసుకెళ్తావని చిన్నమ్మ గట్టిగా చెప్పింది. బట్టలు మరగబెట్టడం, దుప్పటి చెరో కొస పట్టుకుని మామను పక్కకు తిప్పడం, పుండ్లతో తెరుచుకోని నోట్లో దూదితో నీళ్లు పిండడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అక్కడా నేను వాదం మొదలుపెడితే, పద బిడ్డా, ఆయనకు దూప అయితున్నట్టుంది, నీళ్లు తాపుదాం అని మధ్యలోనే లేచేది. వేపమండలు తీసేద్దామంటే వద్దంది; అవి ఉన్నాయని తెలిస్తే ఆయన భార్యకు ధైర్యం, వాటితో నీకొచ్చిన నష్టమేంది అంది. మామ ఎవర్నీ గుర్తుపట్టని ఒక మధ్యాహ్నం, ఇంత దగ్గరగా కూర్చుని చేతులతో నిమరడం ఎందుకు, మందు రాస్తే చాలదా అని అడిగాను. యేసయ్య కుష్ఠురోగిని దూరం నుంచే బాగు చేయగలిగేవాడని, అయినా ముందు ముట్టుకున్నాడని చెప్పింది. అతన్ని అన్నేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు కదా అంది. బాగు చేసిన సంగతి నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. ముట్టుకున్న సంగతి నమ్మాను.

మామ బతికాడు. ముఖమంతా గుంటలు పడి, ఎడమ కన్ను పోయింది గానీ బతికాడు. ఆయన భార్య అమ్మవారికి మొక్కు చెల్లించింది, చిన్నమ్మ యేసయ్యకు కృతజ్ఞత చెప్పింది. పదకొండు రోజులు గంజి కాచిన నాకూ, ఆమెకూ, మా ఇద్దర్నీ కాపాడిన టీకాకూ రావలసిన పేరు రాలేదని నేను చిర్రుబుర్రులాడితే, "బతికిండు కద, ఎవరికి మొక్కితేంది" అని కొట్టిపారేసింది. అయితే ఒకటి జరిగింది. అంతకుముందు టీకాలవాళ్లను చూసి తలుపులు వేసుకున్న గల్లీ, మేమిద్దరం ఏమీ కాకుండా తిరగడం చూసి, వాళ్లను పిలిపించుకుంది. అందరికన్నా ముందు చేయి చాపింది ఇల్లుగలాయన. అంత బాగా మాట్లాడిన నా గంట ఉపన్యాసం ఒక్క భుజం మీద కూడా టీకా వేయించలేకపోయింది.

ఆ గల్లీ ఇప్పుడు లేదు, అక్కడ అంతస్తుల మీద అంతస్తులు లేచాయి. మశూచి లోకంలోనే లేదు, ప్రార్థనలు ఎన్ని చేసినా పోని రోగం టీకాతో పోయిందని నేను ఏ వేదిక మీదైనా చెప్తాను. చిన్నమ్మ మాత్రం మా వాదం తేలకుండానే వెళ్లిపోయింది. ఆమె సమాధి దగ్గర అందరూ కళ్లు మూసుకుంటే నేను తెరుచుకునే నిలబడ్డాను, ఆమె ఉంటే దానికీ ఏదో ఒక మాట అనేది. ఇప్పుడు దేవుడున్నాడనేవాళ్లూ లేడనేవాళ్లూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఫోన్లలో రోజంతా తిట్టుకుంటున్నారు. వాదం మంచి పట్టులో ఉండగా, పద బిడ్డా, ఆయనకు దూప అయితున్నట్టుంది అని మధ్యలో లేచే మనిషి ఏ పక్షంలోనూ కనబడటం లేదు. కాబట్టి ఆ మాట నాకు నేనే చెప్పుకుని లేస్తున్నాను. మోకాళ్లు సహకరించినన్నాళ్లూ లేస్తాను.