తలలు లేని ఫోటోలు

తడి నూలుబట్ట మీద వేడి ఇస్త్రీపెట్టె పడ్డప్పుడు లేచే వాసన మొన్న మా వీధి మలుపులో ముక్కుకు తగిలింది. కాసేపు నిలబడ్డాను. ఏమీ అనిపించలేదు. ఫిల్మ్‌నగర్‌లో ఒకప్పుడు ఉన్న రేకుల గది మాత్రం కళ్ళ ముందుకు వచ్చింది.

అమ్మ ఆ గదిలో సినిమావాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసేది. బొగ్గుల పొగ, గంజి, హీరోయిన్ల చీరల్లో మిగిలిపోయిన అత్తరు, ఎండాకాలంలో కాలిపోయే రేకులు, వానాకాలంలో బండల సందుల్లోంచి జారే ఎర్రనీళ్ళు, వీటి మధ్యే చీరలు మడతపెడుతూ పెరిగాను. గోడకు కట్టిన తాడుకి స్టిల్స్ సత్యంగారు తీసిన ఫోటోలు క్లిప్పులతో వేలాడేవి. ఇవాళ షాటులో కట్టిన చీర, వేసిన గాజులు రేపటి షాటులోనూ అలాగే ఉండాలని చూసుకోవడానికి తీసే ఫోటోలవి. వెనక సీను నంబర్లు రాసి ఉండేవి. నాకు అప్పట్లో చదవడం రాదు, అక్షరాలు నలభై దాటాకే నేర్చుకున్నాను, అందుకని ముందువైపే చూసేదాన్ని. గాజుల కోసం తీసిన ఫోటోలో కూడా ఆయన మనిషిని వదిలేవారు కాదు. అలసిన కళ్ళో, ఆపుకున్న ఆవలింతో ఉండేది. అలా తీసే మనిషిని ఒక్కసారి చూడాలని ఉండేది.

ఒకరోజు ఆయనే గదిలోకి వచ్చారు. బట్టతల, చంకలో గొడుగు. తాడు దగ్గర కదలకుండా నిలబడ్డ నన్ను చూసి, చిన్న కెమెరా ఒకటి మెడలో వేసి, జూనియర్ ఆర్టిస్టుల చీరలూ గాజులూ ఫోటో తీసుకురమ్మన్నారు. మర్నాడు ప్రింట్లు చూసి లైట్‌మెన్ అందరికీ వినపడేలా అన్నారు.

"ఏంటమ్మాయ్, అందరి తలలూ నరికేశావు?"

"వాళ్ళు నన్నే చూస్తున్నరు సార్."

"చూడనీ. కెమెరా దించి ముందు మాట్లాడు. ఏం తిన్నారో అడుగు. జవాబు చెబుతున్నప్పుడు కాదు, చెప్పడం అయిపోయాక నొక్కు. రేపటికి ఒక్క ముఖమైనా లేకపోతే కెమెరా ఇచ్చెయ్."

మర్నాడు సద్దుల బతుకమ్మ, ఇంటింటా సత్తుపిండి ముద్దలు చేసే రోజు, అయినా షూటింగుకి సెలవు లేదు. కెమెరా పోతుందన్న భయంతో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాను, ఎవరినీ అడగలేక మళ్ళీ చేతులూ కాళ్ళే తీసుకుని తిరిగొచ్చాను. రీలులో ఆఖరిది మిగిలింది. గదిలో అమ్మ ఒక్కతే ఉంది, బతుకమ్మ పేర్చిన వేళ్ళకు ఇంకా తంగేడు పూల పసుపు.

"ఏందే, నన్ను తీస్తవా? హీరోయిన్లు ఒడిసిపోయిన్రా?"

"సత్తులు ఏమేం చేసినవమ్మా?"

"నువ్వులయి, పల్లీలయి. మక్కలయి మా అమ్మ చేసినట్టు రాలే."

అంది. నవ్వు ఎటో పోయింది. వాళ్ళమ్మ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అయినా నన్నే చూస్తోంది. నొక్కాను.

ఆ ప్రింటును సత్యంగారు చాలాసేపు చూసి, తాడుకి హీరోయిన్ పక్కనే క్లిప్పు పెట్టారు. "కెమెరా నీ దగ్గరే ఉండనీ" అన్నారు. అమ్మ మాత్రం "ముసల్దాని లెక్క ఉన్న" అంటూనే, గదిలోకి ఎవరొచ్చినా ఆ తాడు కిందే కూర్చోబెట్టేది.

ఇప్పుడు ఎవరి ముందైనా నిలబడి కెమెరా ఎత్తగలను. జూబ్లీహిల్స్ ఇళ్ళలో బారసాలలు తీస్తాను, సెట్లలో స్టిల్స్ తీస్తాను. రేకుల గది పడగొట్టిన చోట కారవాన్లు ఆగుతున్నాయి. తాడూ, దానికున్న ఫోటోలూ అప్పుడే పోయాయి. సత్యంగారు లేరు, అమ్మ లేదు. నేను మాత్రం ఇప్పటికీ కెమెరా దించి, ఏం తిన్నారని అడుగుతాను. జవాబు చెప్పగానే వాళ్ళు నన్ను చూడకుండా ఫోన్ చూసుకుంటారు. నేను నొక్కుతాను. ఫోటో బాగానే వస్తుంది.