తమ్ముడికి పేరు పెట్టిన రోజు

నిన్న సాయంత్రం ఐదింటికి మా మునిమనవరాలు మూలకాల పటం గోడకు అంటించింది. మనుషులు తయారుచేసిన బరువైన మూలకాలు అడుగు వరసలో ఉన్నాయి. వాటి పేర్లు చదువుతూ నిలబడ్డాను.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో, మార్కాపురంలో, తమ్ముడికి పేరు పెట్టే రోజు పొద్దున చిన్నాయన పత్రిక చూసి చెప్పాడు. "దొరలు యురేనియం కన్నా బరువైన లోహాన్ని చేసినారంట. గ్రహం పేరు పెట్టినారు. ఏం లాభం? నాలుగు దినాలు నిలవదు, దానంతటదే ఇంకోటయిపోతాది."

అమ్మకు అంతకుముందు ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. ఇద్దరికీ నాయన రాజుల పేర్లే పెట్టాడు. ఈసారి కూడా అలాంటిదే అనుకున్నాడు. గొప్ప పేరు పెట్టినందుకే ఆ లోహం నిలవలేదని నాకు అర్థమైంది.

"నాయనా, పెంటయ్య అని పెట్టు. తమ్ముణ్ణి పెంటకుప్ప మీద పెట్టి తెద్దాం," అని ఏడ్చాను. అట్లా చేస్తే చావు ఆ బిడ్డ జోలికి రాదని అవ్వ చెప్పేది.

"చదువుకునే పిల్లవు, నువ్వు గూడా ఏందమ్మా?" అన్నాడు నాయన.

"పిల్లకున్న బుద్ధి నీకు లేదురా," అంది అవ్వ. "ఆ దొరలకు గూడా చెప్పేవాళ్లు లేకపోయినారు."

చిన్నాయన నవ్వాడు. అమ్మ నవ్వలేదు. బిడ్డను చేటలో పడుకోబెట్టుకుని పెరట్లోని పెంటకుప్ప వైపు నడిచింది. నాయన అడ్డుపడలేదు.

మా పెంటయ్య పండు ముసలివాడై, గత నెలలో చనిపోయాడు. వాణ్ణి ఇన్నాళ్లు నిలిపింది పేరు కాదని నాకు తెలుసు. ఆ రోజు అమ్మ చేయగలిగింది మాత్రం అదొక్కటే.

ఇప్పుడు ఎవరూ పిల్లలకు ఆ పేరు పెట్టడం లేదు.