లైసెన్సులో లేని అవతలి ఒడ్డు

మా తాత దగ్గర ఒక రివాల్వరు ఉంది. పత్తి వ్యాపారం చేసిన రోజుల్లో డబ్బు సంచితో రాయచూరు నుంచి మస్కి, అరకేర వైపు ఊళ్లకు ఒంటరిగా తిరగవలసి వచ్చేది కనుక అప్పట్లో లైసెన్సు తీసుకున్నాడు. దాన్ని ఎవరి మీదా పేల్చలేదు. వ్యాపారం మానేశాక కూడా దానికి నూనె పెట్టడం మాత్రం మానలేదు.

ఏడాదికొకసారి, మహర్నవమి నాడు, దానికి ఇంకొక పని ఉండేది. తాతకు అన్న ఒకాయన ఉన్నాడు, నాకు పెద్దతాత. కృష్ణకు అవతల, పక్క రాష్ట్రంలో మక్తల్ వైపు వ్యవసాయం చేస్తాడు. నవమి నాడు పెద్దతాత ఇంట్లో అన్నదమ్ములిద్దరూ తమకు బువ్వ పెట్టిన పనిముట్లను ఒకే పీట మీద అమ్మవారి పటం ముందు ఉంచడం వాళ్ల నాయన నాటి ఆచారం. అన్నది నాగలి కర్రు, తమ్ముడిది రివాల్వరు. పీట మీద ఎవరి వస్తువు లేకపోతే ఆ ఏడు వాళ్లు ఇంటికి రానట్టే లెక్క.

నిరుడు పండగ నాలుగు రోజులుందనగా, ప్రయాణానికి సర్దమని తాత లైసెన్సు పుస్తకం నా చేతికిచ్చాడు. కాలేజీ డిబేట్లలో నేను నేర్చుకున్న మొదటి నియమం, కాగితం చదవకుండా నోరు విప్పకూడదన్నది. చదివాను. చెల్లుబాటు పరిధి అన్నచోట కన్నడంలో ఒక ముద్ర ఉంది: కర్ణాటక రాష్ట్రం మాత్రమే. అది ముప్పై ఏళ్లుగా అక్కడే ఉంది. తాత చదివింది ఉర్దూ బడిలో. తెలుగూ కన్నడమూ ఆయనకు నోటికి వచ్చు, కంటికి రావు. ప్రతిసారీ రెన్యువల్ పని కొట్టు గుమాస్తా చూసుకునేవాడు.

"ఏంది బిడ్డా, గట్ల నిలబడ్డవ్?"

"తాతా, ఇది కర్ణాటక వరకే చెల్లుతది. నది దాటినవంటే నీ దగ్గర లైసెన్సు లేనట్టే."

తాత నవ్వాడు. "నది దాటితే మా అన్న ఇల్లొస్తది. గది పరాయి రాజ్యం ఎప్పుడైంది? నేను పుట్టినప్పుడు గిదంత ఒక్కటే ఉండె."

"నువ్వు పుట్టినప్పటి ముచ్చట పోలీసాయనకు చెప్తవా?"

"ఇన్నేండ్లు ఎవరడిగిన్రు?"

"అడగకుంటే ఒప్పయితదా?"

వంటింట్లోంచి అవ్వ గొంతు వినిపించింది. "గింత సదువు సదివిచ్చింది తాతను జైల్ల ఏపిచ్చనీకా?"

"జైలుకు పోకుండ ఆపనీకే, అవ్వా."

తాత నవ్వు ఆగిపోయింది. "మరి పీట మీద ఏం పెట్టాలె? నా మొఖమా?"

వేదిక మీదైతే గంట మోగుతుంది, గెలిచినవాళ్లు పోయి కూర్చుంటారు. మా ఇంట్లో గంట మోగలేదు. ఆ పూట తాత సగం భోజనంలోనే లేచిపోయాడు.

మరునాడు ఇద్దరం డీసీ ఆఫీసుకు, అంటే కలెక్టరు ఆఫీసుకు వెళ్లాం. అక్కడి గుమాస్తా పుస్తకం తిరగేసి కన్నడ యాసలో మర్యాదగానే చెప్పాడు. "అజ్జా, పక్క రాష్ట్రానికి పొడిగించాలంటే అర్జీ పెట్టాల, పోలీసు రిపోర్టు రావాల. పండగలోపల అయ్యేది కాదు."

"గదేంది సార్, ముప్పై ఏండ్ల సంది నేను..." అని తాత మొదలుపెట్టాడు. నేను ఆయన కాలు తొక్కాను. తాత దగ్గి ఊరుకున్నాడు. అర్జీ ఇచ్చి వచ్చేశాం.

సగం దాచిన నిజం అబద్ధమేనని వాదించి నేను ఒకసారి బహుమతి తెచ్చుకున్నాను. ఆ రోజు ఒక నిజాన్ని చెప్పు కింద అదిమాను. ఏ పక్షాన నిలబడి చూసినా దాన్ని పూర్తిగా సమర్థించుకోవడం నాకు ఇప్పటికీ చేతకాలేదు. తాత ఆటోలో ఆ మాటే ఎత్తాడు.

"దినామూ సత్యం సత్యం అంటవ్. సత్యానికి చెప్పులు గూడ ఉంటయని నాకు తెల్వకపాయె."

ఇంటికి వచ్చాక అన్నకు ఫోన్ చేశాడు. "అన్నా, ఈసారి ఉత్త చేతులతోటి రావాలె నేను," అని జరిగింది చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేలచూపులు చూశాడు. అవతల పెద్దతాత పగలబడి నవ్వాడు.

"ఓరి పిచ్చోడా! నీ తుపాకికి కాయిదం కావాలె గని, నా కర్రుకు ఎవడడుగుతడు? నేనే పట్టుకొస్త తియ్. పీట కడిగిపెట్టు."

"పెద్దోనివి, నువ్వొచ్చుడేంది?"

"పెద్దోన్ని గాబట్టే చెప్తున్న. ఇను."

నవమి ఉదయం పెద్దతాత గోనెసంచి భుజాన వేసుకుని రాయచూరు బస్టాండులో దిగాడు. ఇల్లు చేరే వరకూ ఒకే ముచ్చట. "సంచిల ఏముందని కండక్టరు అడిగిండు. ఆయుధమని చెప్పిన. ఇప్పి సూసి లగేజీ టికెట్ కొట్టిండు!"

పీట మీద తూటాలు తీసేసిన రివాల్వరు, దాని పక్కన అరిగిన కర్రు. రెంటికీ పసుపూ కుంకుమా పెట్టారు. పీట ఎప్పటిలాగే నిండినందుకు తాత ముఖం విప్పారింది. పెద్దతాత నా వైపు తిరిగాడు.

"నీ ఆయుధమేది, బిడ్డా?"

"దానిది పీట మీద పట్టదన్నా," అన్నాడు తాత. "నోరు."

పెద్దతాత కుంకుమ వేలితో నా గడ్డం మీద ఒక చుక్క పెట్టాడు. అవ్వ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. మరునాడు దసరా సాయంత్రం జమ్మి ఆకు పంచుకునే వరకూ నేను ఆ చుక్క తుడుచుకోలేదు.

పొడిగింపు కొన్ని నెలలకు వచ్చింది. ఈ నవమికి మేమే నది దాటాలి. నిన్న తాత కొత్త ముద్ర ఉన్న పేజీ నాతో రెండుసార్లు చదివించుకుని, రెండు రాష్ట్రాల పేర్లున్న చోట వేలు పెట్టి చూసుకుని, పుస్తకం తిరిగి నాకే ఇచ్చాడు.

"నీ దగ్గర్నే పెట్టుకో. వంతెన మీద ఎవరన్న అడిగితే చదివి చెప్పు. ముప్పై ఏండ్ల ముచ్చట నా నోట్లకెళ్లి రాబోతే, నా కాలు నేనే తొక్కుకుంట."