ఉద్యోగ ప్రకటనల పక్కన కవిత

నాకు పుట్టుకతోనే పిరికితనం ఎక్కువ. ఎవరైనా తలుపు కొడితే చాలు, నేనేం తప్పు చేశానా అని ముందు వెతుక్కుంటాను. అలాంటిదాన్ని లైబ్రేరియన్‌ని చేస్తే ఏం చేస్తుంది, అన్నీ బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. నారాయణపేట దగ్గరి ఆ ఊరి శాఖా గ్రంథాలయానికి నేను వచ్చేసరికి కొత్త కవిత్వం పుస్తకాలు కట్టలు కూడా విప్పకుండా పడి ఉన్నాయి. నేనూ కొన్నాళ్ళు వాటి జోలికి పోలేదు.

తెలంగాణ వచ్చాక మా హాలు నిండా గ్రూప్స్‌కీ కానిస్టేబుల్ పరీక్షలకీ చదివే పిల్లలే. వాళ్ళు తలెత్తి చూసేది ఒక్క ఉద్యోగ ప్రకటనల బోర్డునే. అందుకని గురువారం గురువారం ఒక కొత్త కవితను తెల్లకాగితం మీద రాసి, ఆ బోర్డు మీదే అతికించడం మొదలుపెట్టాను. "గిది సిలబస్‌ల ఉందా మేడం?" అని ఏడిపించేవాళ్ళు. ఏడిపిస్తూనే చదివేవాళ్ళు. దాంతో నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చి, ఊళ్ళోవాళ్ళు రాసినవీ వేస్తామనీ, పేరు చెప్పక్కర్లేదనీ రాసి ఒక డబ్బా పెట్టాను.

అందులో కాగితం వేసింది ఒక్కతే. మగ్గాల వీధి కోడలు. కూరగాయల సంచి అడుగున పుస్తకం దాచుకుని తీసుకుపోయేది. ఆమె రాసినదాంట్లో చివరి రెండు పంక్తులు ఇవి:

ఎడమచేతి నాడె ఆగిందంటే
నా గుండె ఆడుతది

మగ్గం మీద నూలు మోసుకుని అటూ ఇటూ పరిగెత్తే ఆ నాడెను ఆపి అత్త లేచిందంటే కోడలికి దడ. కసురుకుంటుంది కాబోలు అనుకున్నాను. పేరు లేకుండా, నా చేతిరాతతో తిరగరాసి అతికించాను. ఎంత బాగా దాచానో అని మురిసిపోయాను కూడా.

మాది పానగల్ వైపు, వ్యవసాయం చేసే ఇల్లు. పేరు తీసేస్తే మనిషి దాగుతుందనుకున్నాను. మగ్గాల వీధిలో నాడె చప్పుడు విని ఎవరి చెయ్యో చెప్తారని నాకేం తెలుసు? ఆ వీధి మొత్తంలో ఎడమచేత్తో నేసేది ఆ అత్త ఒక్కతే. మధ్యాహ్నం పేపరు చదవడానికి వచ్చిన పెద్దాయన బోర్డు ముందు నిలబడి నవ్వాడు. "ముసలామె కోడలు గట్టిదే!" అన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కాగితం పీకి సొరుగులో పడేశాను. ఆ పిల్లను ఏం చేస్తారో, ఇంక ఈ గడప తొక్కనిస్తారో లేదో. మర్నాడు మగ్గాల వీధి మొదటిదాకా వెళ్ళాను. అడుగు ముందుకు పడక తిరిగి వచ్చేశాను. అంత పిరికిదాన్ని.

నాలుగో రోజు అత్తే వచ్చింది. గోళ్ళ సందుల్లో రంగు. అక్షరం ముక్క రాని మనిషి.

"గా కాగితం ఏది?" అంది. తీశాను. "సదువు."

చదివాను. చివరికొచ్చేసరికి, "ఎడమచేతి నాడె ఆడుతాంటే నా గుండె నిండుతది" అని మార్చేశాను.

ఆమె నన్ను అట్లాగే చూసింది. "గా పేపరు సదివే పెద్దమనిషి నాకు గిట్ల చెప్పలే. ఉన్నదున్నట్టు సదువు బిడ్డా."

ఉన్నదున్నట్టు చదివాను. ఆమె ఎడమచెయ్యి బల్ల మీద పెట్టి చాలాసేపు చూసుకుంది.

"గీ చెయ్యి నాడె ఇడిసిపెట్టినంక ఏం జేస్తదో రాయలేదా?"

"లేదవ్వా," అన్నాను. కసురుకోవడం కాదు, చెయ్యి చేసుకోవడమని నాకు అప్పుడు అర్థమైంది.

"ఇంకా దాసిపెట్టిందన్నట్టు," అంది. ఆ వెంటనే, "గది రాసిస్తే గూడ అతికిస్తవా?" అని అడిగింది.

కవిత్వం జనంలోకి పోవాలని మీటింగుల్లో ఎన్నిసార్లు మాట్లాడానో. ఇప్పుడు మాత్రం, "రాసినామె అతికించమంటే అతికిస్తా," అన్నాను ఎట్లాగో. ఆమె లేచి వెళ్ళిపోయింది. అది కోపమో, సిగ్గో నాకు తెలియలేదు.

గురువారం కోడలు వచ్చింది. ఒంటి మీద దెబ్బలేమైనా ఉన్నాయా అని చూశాను. కనబడేచోట లేవు. చేతిలో సంచి లేదు, ఒక తెల్లకాగితం ఉంది, అందులో ఒక్క అక్షరం లేదు. కూర్చుంది గానీ చూపు గుమ్మం మీదే ఉంది.

"మా అత్తనే తోలింది మేడం. అన్నీ రాయమంటాంది," అంది. "గిప్పుడే ఇంకా ఎక్కువ భయమైతాంది."

ధైర్యం చెప్పడం నాకు చేతకాదు. "నాకు గూడ," అని పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాను.