అక్క నాతో అరవం మాట్లాడుతోంది

సోమవారం పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ఏజెన్సీ అమ్మాయి నుంచి మెసేజ్ వచ్చింది. గ్రైండర్ల కంపెనీ కోసం నేను రాసిచ్చిన బ్లాగు పోస్టు మూడోసారి తిరిగొచ్చిందట. "వ్యాసం చదివినట్టు ఉందంటున్నారు సార్. మనిషి మాట్లాడినట్టు లేదట. పక్కింటి పెద్దావిడ గోడ అవతల నుంచి చెబుతున్నట్టు సహజంగా రాయమంటున్నారు" అని దాని సారాంశం. ఆ అమ్మాయికి తెలుగు రాదు, కంపెనీవాళ్ళకూ రాదు. తీర్పు చెప్పింది ఆంధ్రలో ఎక్కడో ఉన్న డీలరు. కోయంబత్తూరులో గ్రైండర్లకు కొదవ లేదు, వాటిని ఆంధ్రలో అమ్మాలనుకునేవాళ్ళకూ కొదవ లేదు. తెలుగులో రాసిపెట్టేవాళ్ళే దొరకరు. అందుకని ముప్ఫై ఏళ్ళు మిల్లు ఆఫీసులో గుమాస్తాగిరీ చేసి, మోకాళ్ళ నొప్పులతో ఇంట్లో కూర్చున్న నన్ను పట్టుకొచ్చి రచయితను చేశారు. మొదటిసారి 'నేటి ఆధునిక జీవనంలో' అని మొదలుపెట్టాను. రెండోసారి 'మన పూర్వీకులు' అన్నాను. మూడోసారి తెగించి 'అమ్మాయిలూ, ఒక మాట చెప్పనా!' అని రాశాను. అరవై రెండేళ్ళ మగవాణ్ణి, అలా రాసినందుకు ఆ పూటంతా నా మొహం నేనే అద్దంలో చూసుకోలేకపోయాను.

రాయడం చేతకాక కాదు. ఒకప్పుడు నేను రాస్తే చదివినవాళ్ళు 'ఎవరో మా చెవి దగ్గర కూర్చుని చెబుతున్నట్టుందండీ' అనేవారు. ఆ గొంతు నాది కాదు, మా అక్కది. దాన్ని తీసుకుని ఏం చేశానో గుర్తొస్తే గ్రైండరు గురించి కూడా నాలుగు మాటలు తిన్నగా రాయబుద్ధి కాదు.

మాది మదురై పక్కన తిరుమంగళం. ఎన్ని తరాల కిందట వచ్చామో మా వాళ్ళలో ఎవరికీ లెక్క తెలియదు. బడిలో, బజారులో, గుడిలో అరవం, అంటే తమిళం. ఇంట్లో మాత్రం తెలుగు. మాట్లాడనివాళ్ళు మాలో లేరు, చదవగలిగినవాళ్ళూ లేరు. తెలుగు అక్షరం చూపిస్తే మా నాయన దాన్ని కాసేపు ఆప్యాయంగా చూసి, ముగ్గులా ఉందిరా అనేవాడు. ఇక మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. ఎవరూ నేర్పరు, అందరికీ వస్తుంది. గేటు చప్పుడైతే చాలు, మాట్లాడుతున్న మాట సగంలో భాష మారిపోతుంది. పాలవాడికి అరవం, కరెంటు రీడింగు చూసేవాడికి అరవం, పదేళ్ళుగా పక్కింట్లో ఉంటూ కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకునే ఆవిడకూ అరవమే. వచ్చినవాళ్ళు గేటు దాటి వెళ్ళగానే ఆగిన మాట ఆగిన చోటు నుంచే తెలుగులో మళ్ళీ మొదలవుతుంది. అక్క కోడలు అరవపిల్ల. పెళ్ళయిన కొత్తలో ఆ పిల్లతో అందరూ అరవమే మాట్లాడారు. ఏడాది తిరిగాక ఒకనాడు అక్క పరధ్యానంగా 'ఆ చాట ఇట్ల తే' అంది, ఆ పిల్ల తెచ్చి ఇచ్చింది. ఆ సాయంత్రం అక్క ఇంట్లో పాయసం చేశారు. ఎందుకో చెప్పనవసరం లేకపోయింది.

అక్క నాకంటే పదేళ్ళు పెద్దది. అమ్మ మంచాన పడ్డప్పుడు నన్ను నడుమున వేసుకుని తిరిగింది తనే. ఆమె మాట్లాడుతుంటే పని ఆగిపోయేది, చేసే వాళ్ళదీ వినే వాళ్ళదీ. బోడినాయకనూరు నుంచి బావ యాలకుల మూటతో బస్సెక్కి, వాసనకు బస్సంతా తుమ్ములు మొదలైతే తానూ తుమ్ముతూ ఏమీ ఎరగనట్టు కూర్చున్న కథ ఆమె కనీసం యాభైసార్లు చెప్పింది. యాభైసార్లూ తుమ్ములు వేరే వేరేగా వచ్చాయి. ఎవరినైనా తిట్టాలంటే ముందు 'పావం' అని జాలిపడేది, ఆ తర్వాత తోలు తీసేది. మా తాతమ్మల నాటి మాటలు ఆమె నోట్లో అలాగే ఉండిపోయాయి, నడుమ అరవం మాటలు పోపు గింజల్లా పడుతుండేవి.

నేను తెలుగు అక్షరాలు నేర్చింది నలభై అయిదో ఏట. తిరుపతి వెళ్ళినప్పుడు బస్టాండు దగ్గర చిన్నపిల్లల వాచకం కొనుక్కొచ్చి, ఆఫీసులో ఫైళ్ళ కింద పెట్టుకుని దిద్దుకున్నాను. తర్వాత పత్రికలు తెప్పించుకుని చదివాను. అందుకే నా రాతలో తెలుగు ఇస్త్రీ మడతల్లో ఉంటుంది. అక్షరాలు వచ్చిన మురిపెంలో ఒక బ్లాగు పెట్టాను. మొదట్లో గుళ్ళ గురించి, మిల్లుల గురించి రాశాను. నేను తప్ప ఎవరూ చదవలేదు. ఒకరోజు ఏమీ తోచక, ముందురోజు ఫోనులో అక్క చెప్పిన ముచ్చటను ఆమె చెప్పినట్టే, ఒక్క మాట దిద్దకుండా రాసి పెట్టాను. సాయంత్రానికి ముక్కూమొహం తెలియనివాళ్ళు పదిమంది వచ్చి మెచ్చుకున్నారు. ఆ తర్వాత నేను ఆగలేదు. ప్రతి ఆదివారం అక్కకు ఫోను చేసేవాణ్ణి, కాగితం పెన్ను దగ్గర పెట్టుకుని. తమ్ముడికి తనమీద ఇంత ప్రేమ ఉందా అని ఆమె పొంగిపోయేది. అవును, సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఆమె ఏడుస్తున్నప్పుడు కూడా రాసుకున్నాను.

పేర్లు ఎక్కడా రాయలేదు. 'మా అక్క', 'అక్క వియ్యపురాలు', 'అక్క చివరి కూతురు' అంతే. పేర్లు లేవు గనక పెద్దమనిషిలా ప్రవర్తించాననుకున్నాను. పైగా తెలుగు లిపిలో రాయడమంటే మా చుట్టాల మధ్య ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసినట్టే. ప్రపంచంలో ఎవరైనా చదవవచ్చు గానీ, మా వాళ్ళు మాత్రం చదవలేరు. ఇంతకంటే క్షేమమైన చోటు ఉంటుందని నాకు తోచలేదు. ఫోనులు చదివిపెట్టడం నేర్చుకుంటాయని నాకెవరు చెప్పారు?

ఆరేళ్ళ కిందట మేలూరులో ఒక హాల్లో అక్క మనవడికి, అంటే ఆ చివరి కూతురి కొడుక్కి, చెవులు కుట్టించారు. భోజనాలయ్యాయి. మగవాళ్ళం ఆడవాళ్ళం కుర్చీలు గుండ్రంగా వేసుకుని తాంబూలాలు నములుతున్నాం. వియ్యపురాలి తమ్ముడు మదురైలో ఏదో కంపెనీలో పని చేస్తాడు, సరదా మనిషి. హైదరాబాదులో ఉన్న అతని స్నేహితుడు, మీ వైపు తెలుగువాళ్ళ ముచ్చట చూడు అని అతనికి ఏదో పంపించాడట. "నాకు చదవను రాదు, దీన్నే చదవమందాం, అందరూ వినండి" అని ఫోనులో ఏదో నొక్కి బల్ల మీద పెట్టాడు. ఒక ఆడ గొంతు మొదలుపెట్టింది. ఎత్తుపల్లాలు లేని గొంతు, స్టేషనులో రైళ్ళ వేళలు చెప్పేది చూడండి, అలాంటిది. మొదటి వాక్యానికే నాకు తెలిసిపోయింది. లేచి ఆ ఫోను లాక్కోవాలి. తాంబూలం నోట్లో పెట్టుకుని కూర్చుండిపోయాను.

ముందు అందరూ నవ్వారు. "ఇదేంది, మన తిరుమంగళం అత్త మాట్లాడినట్టే ఉండాదే!" అని ఎవరో అన్నారు. అక్క కూడా నవ్వింది. తన గొంతును తను పోల్చుకోలేదు. తర్వాత ఆ యంత్రం చదివింది: "వియ్యపురాలు వస్తాది, కూర్చోదు. నేరుగా వంటింట్లోకి పోయి కుండ కుండకూ మూత తీసి చూస్తాది. చూసి, ఇంతేనా వదినా అంటాది. బిడ్డను ఇచ్చుకున్న చోటని నోరు మూసుకుండాను." నవ్వులు తగ్గాయి. అది ఆగలేదు. "పావం, నా బిడ్డ ఆ ఇంట్లో అందరూ తిన్నాక చల్లారిపోయిన కూడే తింటాది. ఎవురికీ చెప్పొద్దని నా కాడ ఏడ్సింది." ఈ వాక్యం కిందే చదివినవాళ్ళు అందరికంటే ఎక్కువ కన్నీటి బొమ్మలు పెట్టారు. అవి చూసుకుని నేను రెండు రోజులు గాలిలో తేలాను. ఇప్పుడు ఇక్కడ మళ్ళీ రాస్తున్నానంటే, ఆ హాల్లో అందరూ విన్నదే గనక. వాళ్ళు వినని గుట్టు ఒక్కటి కూడా ఇందులో పెట్టడం లేదు.

పేరు దాచాను గానీ గొంతు దాచలేదు. మూతలు తీసే వియ్యపురాలికి తను ఎవరో తెలిసింది, అక్కకు తను ఎవరో తెలిసింది. అమ్మ తన గుట్టు ఎక్కడ చేరవేసిందో అక్క కూతురికి తెలిసింది. తెలుగు అక్షరాలు రాసేవాడు మా చుట్టాలందరిలో ఒక్కడే గనక, నేను ఎవరో అందరికీ తెలిసింది. వియ్యపురాలు లేచి వెళ్ళి వ్యానులో కూర్చుంది. అక్క నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను, కొట్టి ఉంటే బాగుండేది. చీర చెంగు సర్దుకుని, "మదురై బస్ ఎత్తన మణిక్కుంగ?" అంది. బస్సు ఎన్ని గంటలకండీ అని అడిగింది, అరవంలో. కోయంబత్తూరు వైపు అయితే మేకపిల్లను కూడా 'అండీ' అంటారు, దాన్ని ఎవరూ పట్టించుకోరు. తిరుమంగళంలో అక్క తమ్ముణ్ణి అలా అనదు. పుట్టినప్పటి నుంచి ఆమె నాతో అరవం మాట్లాడటం అదే మొదలు.

ఆ ఏడాదంతా వియ్యపురాలు అక్క కూతుర్ని పుట్టింటికి పంపలేదు. అక్క తనే వాళ్ళింటికి వెళ్ళి, తను అనని చోట పడిన తన మాటలకు క్షమాపణ చెప్పుకుని, రెండు గంటలు వాకిట్లో కూర్చుని వచ్చిందట. నేను బ్లాగు తీసేశాను. పదకొండేళ్ళ రాత, తీసేయడానికి రెండు నొక్కులు పట్టింది. తర్వాత కాలం తన పని తాను చేసుకుపోయింది. మనవడు వచ్చీరాని మాటలతో రెండిళ్ళనూ కలిపాడు. అక్క కూతురు నన్ను 'మామా' అని మళ్ళీ పిలుస్తోంది. వియ్యపురాళ్ళిద్దరూ ఇప్పుడు కలిసి పళని వెళ్ళి వస్తున్నారు. ఆవిడ ఇప్పటికీ మూతలు తీసి చూస్తుందట, అక్క ముందే అన్ని మూతలూ తీసి పెడుతుందట. అందరితోనూ అన్నీ సర్దుకున్నాయి, నాతో తప్ప.

నెలకొకసారి వెళ్తాను. మర్యాదలో ఏ లోటూ ఉండదు. "వాంగ" అంటుంది, రండి అని. "సాప్టింగళా?" అంటుంది. పూర్వం 'ఏందిరా, కూడు తింటివా?' అనే నోరు అది. అప్పడం ఒకటి ఎక్కువే వేస్తుంది. నేను తెలుగులోనే జవాబిస్తాను, ఆమె అరవంలోనే అడుగుతుంది. ఒకసారి కాళ్ళ మీద పడబోతే, పాలవాడు పడబోయినట్టు కంగారుపడి వెనక్కి జరిగింది. ఆ రోజు తిరుగు బస్సులో దిండిగల్లు దాటేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను, పక్కవాడికి కళ్ళు కనబడకుండా. ఈ మధ్య ఒక అలవాటు చేసుకున్నాను. అక్క పగటి పూట కూతురితో ఫోనులో మాట్లాడే వేళకు వెళ్తాను. గేటు చప్పుడు కాకుండా తీసి, వాకిట్లో చెప్పులు విప్పుతున్నట్టు వంగి, రెండు మూడు నిమిషాలు నిలబడతాను. లోపల అక్క తెలుగు. నన్ను చూడగానే ఆగిపోతుంది గనక, చూసేలోగా విన్నంత నాది.

సోమవారం మెసేజ్ చూశాక కూర్చుని రాయబోయాను. నిజం చెప్పాలంటే అక్క గొంతులో రెండు వాక్యాలు వాటంతటవే వచ్చాయి, మినప్పప్పు నానడం గురించి. డీలరు చూస్తే ఎగిరి గంతేసేవాడు. కొట్టేసి, నా వల్ల కాదమ్మా, ఇంతకంటే సహజంగా నేను మాట్లాడలేను అని ఆ అమ్మాయికి చెప్పేశాను. పరవాలేదు సార్ అంది, ఆమె కూడా అలసిపోయినట్టే ఉంది.

శనివారం తిరుమంగళం వెళ్ళాను. మదురైలో బస్సు మారి, ఎండలో నడుచుకుంటూ చేరేసరికి మోకాళ్ళు నావి కావనిపించింది. వాకిట్లో వంగి నిలబడ్డాను. లోపల అక్క కూతురితో మాట్లాడుతోంది. ఉన్నట్టుండి మాట ఆగింది. చూసేసిందన్నమాట. ఇక అరవం మొదలవుతుందని నడుం ఎత్తబోయాను. కానీ మళ్ళీ తెలుగే వినబడింది, మునుపటికంటే కాస్త గట్టిగా.

"ఊఁ, వచ్చిండాడు మీ మామ. వాకిట్లో నిలబడుండాడు. సెప్పులు ఇప్పేదానికి ఇంతసేపా? ఎప్పుడూ ఇట్లనే నిలబడతాడు, నాకు తెలీదనుకుంటాడు. పావం, మునుపటి మాదిరి లేడే. మెడ ఎండిపోయుండాది. ఆ ఊర్లో కూడు పెట్టేవాళ్ళు లేరో ఏమో. నడిచొచ్చేది చూస్తే మా నాయన వచ్చినట్టే ఉండాది."

మా ఆవిడ వింటే ఆ కూడు మాటకు యుద్ధమే జరిగి ఉండేది. నేను మాత్రం చెప్పు పట్టీ చేత్తో పట్టుకుని, అక్కడే అలాగే ఉండిపోయాను. ఆమె ఫోను పెట్టేసి, గడప దాకా వచ్చి, నా మొహంలోకి చూసింది. తర్వాత, "వాంగ. సాప్టింగళా?" అంది.

"లేదక్కా" అన్నాను.

నాతో మాట్లాడటానికి ఆమెకు ఆరేళ్ళు చాలలేదు. నా గురించి నాకు వినబడేలా మాట్లాడటానికి మాత్రం సరిపోయాయి. మిగిలిన దూరానికి ఇంకెన్నేళ్ళు పడుతుందో, అన్నేళ్ళు మా ఇద్దరి దగ్గరా ఉన్నాయో లేదో.